గడ్డి పెట్టిన యంత్రం

తెలుగువాడికి గడ్డి అంటే చులకన. తెలివితక్కువ పని చేసినవాణ్ణి గడ్డి తింటున్నావా అంటాం. లంచం పుచ్చుకున్నవాణ్ణీ అదే మాట అంటాం, కాకపోతే వాడి గడ్డి కాస్త ఖరీదైనది. చీవాట్లు వేస్తే గడ్డి పెట్టామంటాం. ఓడిపోయినవాడు గడ్డి కరుస్తాడు. పడనివాళ్ళిద్దరి మధ్య పచ్చగడ్డి వేసినా భగ్గుమంటుంది. ఇన్ని తిట్లకి పనికొచ్చే గడ్డిని ఏరికోరి నాటి, నీళ్ళు పోసి, ఎరువు వేసి, తీరా పెరిగాక "అయ్యో, పెరిగిపోయిందే" అని కత్తిరించి, కత్తిరించినదాన్ని ఏ ఆవుకీ పెట్టకుండా పారేసేవాళ్ళు లోకంలో ఉంటారని నాకు కలకత్తా బదిలీ అయ్యేదాకా తెలీదు.

మాది గోదావరి జిల్లా. మా ఊళ్ళో గడ్డి కోసేవాళ్ళని చూశాను గానీ పెంచేవాళ్ళని చూళ్ళేదు. కోసేవాళ్ళ చేతిలో కొడవలి, నెత్తిన మోపు, కాళ్ళలో ఇంటి దగ్గర అరుస్తున్న గేదె తాలూకు తొందర ఉండేవి. గేదె లేకుండా గడ్డి కోయడమంటే పెళ్ళికూతురు లేకుండా పందిరి వెయ్యడమే.

కలకత్తాలో సాల్ట్ లేక్‌లో కింది వాటా అద్దెకి దొరికింది. పేరుకి తగ్గట్టే అది ఒకప్పుడు ఉప్పునీటి చిత్తడి. 1960ల్లో హుగ్లీ నది అడుగున ఉన్న ఒండ్రుని నీళ్ళతో కలిపి గొట్టాల్లోంచి ఇక్కడిదాకా పంపి ఆ చిత్తడిని పూడ్చారు. యుగోస్లావియా నుంచి వచ్చిన తోష్కోవిచ్ అనే ఆర్కిటెక్టు గీసిన పటం ప్రకారం ఊరు కట్టారు. నది ఒండ్రు కదా, గడ్డి దానికి పుట్టింటికి వచ్చిన ఆడపడుచులా పెరుగుతుంది. అడ్డు చెప్పేవాళ్ళుండరు.

ఇంటి ముందు ఇరవై అడుగుల పొడవు, పదిహేనడుగుల వెడల్పు పచ్చిక. ఇంటాయన రిటైరైన చరిత్ర ప్రొఫెసరు. పైవాటాలో ఉంటారు. ఊరి మర్యాద ప్రకారం ఆయన నాకు మేషోమొశాయ్, ఆవిడ మాషీమా. అంటే బాబాయిగారూ, పిన్నిగారూ. అద్దె కాగితంలో ఏడో షరతు, పచ్చికను అద్దెకున్నవారే కత్తిరించాలని. నేను సంతకం పెట్టింది మాఘమాసంలో. అప్పుడా గడ్డి ఎండి, పాత చాప పరిచినట్టుంది. చాపకి క్షవరమేమిట్లే అని కళ్ళు మూసుకుని సంతకం పెట్టాను.

ఆషాఢంలో వానలు మొదలయ్యాయి. శ్రావణానికి చాప కాస్తా పరుపైంది. భాద్రపదం దగ్గర పడేసరికి మోకాలి దాకా వచ్చింది. మా ఆవిడ బట్టలు ఆరేయడానికి వెళ్తూ "ఆస్తీక, ఆస్తీక" అని పాములకి ముందుగా కబురు పెట్టి మరీ అడుగు వేసేది. ఒక ఆదివారం పొద్దున్న మేషోమొశాయ్ పైనుంచి దిగి వచ్చి, ఏడో షరతు సంగతి ఎత్తకుండా, "మెట్ల కింద మిషను ఉంది" అని మాత్రం అన్నారు. చదువుకున్నవాళ్ళు గడ్డి పెట్టే పద్ధతే వేరు.

మిషను బయటికి తీశాం. రెండు ఇనప చక్రాలు. వాటి మధ్య మెలితిరిగిన అయిదు బ్లేళ్ళున్న గుండ్రటి చట్రం. దాని కింద కదలకుండా పడుకున్న ఇంకో బ్లేడు. వెనక చెక్క రోలరు, పైకి పొడుగాటి పిడి. మోటారు లేదు, పెట్రోలు టాంకీ లేదు. దాని ఇంధనం అద్దెకున్నవాడే.

మేషోమొశాయ్ వాళ్ళ నాన్నగారు దాన్ని రస్సెల్ స్ట్రీట్‌లో ఆదివారం వేలంలో పాడి తెచ్చారట, ఒక పియానో స్టూలుతో కలిపి. వాళ్ళింట్లో పియానో ఎప్పుడూ లేదు. ఆ రోజుల్లో గడ్డీ లేదు, వాళ్ళది శ్యాంబజార్‌లో రెండో అంతస్తు. వేలంపాటలో చెయ్యి ఎత్తాక దించడం పెద్దమనుషులకి కష్టం కాబట్టి రెండూ ఇంటికొచ్చాయి. చక్రం మీద పోతపోసిన అక్షరాల్లో కంపెనీ పేరుని తుప్పు తినేసింది. "మేడ్ ఇన్" అన్నది మిగిలింది. ఆ తర్వాతి దేశం పేరులో మొదటి అక్షరం పోయి, రెండోది ఎన్ మాత్రం ఉంది. తర్వాతవి మళ్ళీ లేవు. ఇంగ్లీషులో రాస్తే ఇంగ్లండుకీ ఇండియాకీ రెండో అక్షరం ఎన్నే. మేషోమొశాయ్ మాత్రం నిస్సందేహంగా ఇంగ్లండన్నారు.

అని ఊరుకోలేదు. చరిత్ర ప్రొఫెసరు చేతికి తుప్పు పట్టిన వస్తువు దొరికితే క్లాసు గంట కొట్టినట్టే. నేను చీపురుపుల్లతో బూజు దులుపుతుంటే ఆయన మెట్ల మీద కూర్చుని పాఠం మొదలెట్టారు. 1830లో ఇంగ్లండులో స్ట్రౌడ్ అనే ఊరి దగ్గర ఎడ్విన్ బడ్డింగ్ అనే ఆయన దీనికి పేటెంటు తీసుకున్నాడు. ఆ చుట్టుపక్కలంతా ఉన్ని మిల్లులు. నేసిన బట్ట మీద లేచిన నూగుని సమంగా కత్తిరించే మర ఒకటి ఉండేది. బట్టకి క్షవరం చేసే మర నేలకి ఎందుకు చెయ్యదు అనుకున్నాడు బడ్డింగ్. అంతకుముందు దొరల బంగళాల్లో ఈ పనికి కూలీల కొడవళ్ళో, గొర్రెలో దిక్కు. తర్వాత పెద్ద మిషన్లకి పొట్టి గుర్రాలని కట్టారు. డెక్కల ముద్రలు పడి పచ్చిక పాడవుతుందని వాటి కాళ్ళకి తోలు బూట్లు తొడిగారు.

"గొర్రెలు ఇప్పటికీ మైదాన్‌లో మేస్తున్నాయి కదండీ. ఓ రెండింటిని రోజు అద్దెకి తెస్తే?" అన్నాను. బూట్లు కూడా అక్కర్లేదు కదా అనబోయి ఊరుకున్నాను.

ఆయన నొచ్చుకున్నారు. నా చదువు మీద జాలిపడి పాఠం ఇంకాస్త పెంచారు. ఈ ఊరికి తోటల పిచ్చి అంటించినవాళ్ళలో శ్రీరాంపూర్ మిషనరీ విలియం కేరీ ఒకడు. అలీపూర్‌లో ఇప్పటికీ ఉన్న అగ్రి హార్టికల్చరల్ సొసైటీని 1820లో పెట్టింది ఆయనే. "ఆయన మీ భాషకి వ్యాకరణం కూడా రాశాడు, తెలుసా? 1814లో శ్రీరాంపూర్‌లోనే అచ్చయింది." నాకు తెలీదు. తెలీదని ఒప్పుకోవడం ఇష్టం లేక, "మా బ్రౌను దొర పుట్టింది కూడా మీ కలకత్తాలోనే, 1798లో" అని ఎదురు బాణం వేశాను. ఆయన సంతోషించారు. ఇద్దరం మర్యాదగా ఒకటి-ఒకటి సమం చేసుకున్నాం. గడ్డి మాత్రం ఈలోగా పావు అంగుళం పెరిగి ఉంటుంది.

ఇక తోశాను. తలుపు కింద ఎలక చిక్కుకున్నట్టు ఒక కీచు వినిపించింది. బ్లేళ్ళు పావు చుట్టు తిరిగి ఆగిపోయాయి. ఇంకాస్త బలంగా తోశాను. గడ్డి మర్యాదగా తల వంచి దారి ఇచ్చింది. మంత్రిగారి కారు వెళ్ళేదాకా పక్కకి ఒదిగి, వెళ్ళగానే మళ్ళీ రోడ్డెక్కే జనంలా, నేను దాటగానే లేచి నిలబడింది. ఒక్క పోచ తెగలేదు.

కలకత్తాలో రోడ్డు మీద ఎవరైనా బానెట్ ఎత్తినా, సైకిలు తిరగేసినా, కనీసం చెప్పు తెగినా చాలు. రెండు నిమిషాల్లో సభ, మూడో నిమిషంలో రెండు పక్షాలు. మా గేటు దగ్గరా అంతే. ఇస్త్రీ బండి ఆయన, మందుల షాపాయన, రిక్షా లాగే ఆయన, పనేమీ లేకపోయినా హడావుడిగా కనిపించే ఇద్దరు దాదాలు చేరారు. ఏం చేస్తున్నారని ఒకాయన బెంగాలీలో అడిగాడు. నాకొచ్చిన బెంగాలీలో "ఘాస్ కాట్ఛి" అన్నాను. గడ్డి కోస్తున్నానని. సభ గొల్లుమంది. తర్వాత మేషోమొశాయ్ చెప్పారు. "ఘోడార్ ఘాస్ కాటా", గుర్రానికి గడ్డి కోయడం, అంటే బెంగాలీలో పనికిమాలిన పని చేస్తూ పొద్దుపుచ్చడమట. మనం గాడిదలు కాస్తున్నావా అంటామే, అదే. వాళ్ళకి గుర్రాలు, మనకి గాడిదలు. హోదాలో తేడా ఉన్నా ఉద్యోగం ఒకటే.

సభ ఏకగ్రీవంగా తీర్మానించిన వైద్యం ఆవనూనె. పసిపిల్లల ఒంటికి, ముసలివాళ్ళ మోకాళ్ళకి, జలుబు ముక్కుకి, ఇలీష్ చేపకి ఏది రాస్తారో అదే యంత్రానికీ. పావు లీటరు పట్టించాను. కీచు తగ్గింది. కానీ మధ్యాహ్నం ఎండకి మిషను నుంచి పులుసు వాసన మొదలై, వీధిలో పిల్లులు రెండు వచ్చి చక్రాల దగ్గర కూర్చున్నాయి. మర్నాటికి ఆ నూనె తుప్పుతోనూ గడ్డి పొట్టుతోనూ కలిసి బంక అయింది. నిన్న పావు చుట్టు తిరిగిన బ్లేళ్ళు ఇవాళ అదీ మానేశాయి.

విప్పక తప్పదని తేలింది. విప్పడం నాకు చిన్నప్పట్నుంచి వచ్చు. మా ఇంట్లో గోడ గడియారం, ట్రాన్సిస్టరు, నాన్నగారి టార్చిలైటు నా చేతుల్లోనే విడివడి మోక్షం పొందాయి. బిగించే విద్య ఒక్కటే పట్టుబడలేదు.

ఇంట్లో ఉన్న పానాలు తెచ్చాను. పదకొండు నంబరుది నట్టు మీద ఎక్కలేదు. పన్నెండుది ఎక్కి గిరగిరా తిరిగింది. పదకొండున్నర ఉందేమోనని కొట్లో అడిగితే నన్ను పైనుంచి కిందికి చూశారు. మేషోమొశాయ్ మొహం వెలిగింది. "విట్‌వర్త్! 1841లో జోసెఫ్ విట్‌వర్త్ పెట్టిన కొలతలు. మర పళ్ళ కోణం 55 డిగ్రీలు. ఇంగ్లండేనని చెప్పలేదూ?" నాకు ఇంగ్లండు వద్దు, పానా కావాలి. నేతాజీ సుభాష్ రోడ్డుకి వెళ్ళాను. ఒకప్పటి క్లైవ్ స్ట్రీట్ అది. ఆ చుట్టుపక్కల ఇనప సామాను కొట్లలో మూడో కొట్టాయన, నేను చూపించిన నట్టుని బొటనవేలితో తడిమి, చూడకుండానే వెనక డబ్బాలో చెయ్యి పెట్టి సరిపోయే పానా తీసి ఇచ్చాడు. పురిటి మంత్రసానిలో తప్ప అంత ధీమా నేను ఇంకెవరిలోనూ చూళ్ళేదు.

కుడి చక్రం నట్టు వదులైంది. చక్రం లాగాను. లోపలినుంచి ఏదో "టిక్" మంటూ గడ్డిలోకి దూకింది.

వీధి చివర సైకిళ్ళు బాగుచేసే మిస్త్రీ వచ్చి చూసి, "కుత్తా పడిపోయింది" అన్నాడు. కాసేపు బిత్తరపోయాను. తర్వాత మా ఊరి సైకిల్ షాపు గుర్తొచ్చింది. ఫ్రీవీలులో ఉండే చిన్న ఉక్కు ముక్కల్ని అక్కడా కుక్కలనే అనేవారు. ఫ్రీవీలు పట్టు తప్పితే "కుక్కలు అరిగిపోయాయి బాబూ" అనేవాడు షాపాయన. పెడలు ముందుకి తొక్కితే అవి చక్రం పళ్ళని కరిచి పట్టుకుంటాయి. తొక్కడం ఆపితే వదిలేసి కటకటమని మొరుగుతాయి. ఈ మిషనూ అంతే. పెద్ద చక్రం లోపలి అంచుకి పళ్ళున్నాయి. అవి ఇరుసు మీది చిన్న పినియనుని తిప్పుతాయి. ముందుకి తోస్తే ఇరుసు గాడిలో ఉన్న కుక్క పినియను లోపలి పళ్ళని కరుస్తుంది, బ్లేళ్ళు తిరుగుతాయి. వెనక్కి లాగితే వదిలేస్తుంది. కుడికొకటి, ఎడమకొకటి, మొత్తం రెండు కుక్కలు. అందులో ఒకటి ఇప్పుడు మోకాలెత్తు గడ్డిలో ఉంది. గడ్డిని కోయాలంటే కుక్క కావాలి, కుక్క దొరకాలంటే గడ్డిని కోయాలి.

గడ్డివాములో సూది అన్నవాడు కనీసం వాము దాకా వెళ్ళి ఉంటాడా అని నాకు ఆ రాత్రి అనుమానం వచ్చింది. సెల్‌ఫోను దీపంతో పది దాకా వెతికాను. ఒక హెయిర్‌పిన్ను, ఒక చెస్ బంటు, ఎవరిదో పాల పన్ను దొరికాయి.

మా ఆవిడ వాళ్ళది విజయనగరం. వాళ్ళ బాబాయి ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. బెంగాల్ నాగపూర్ రైల్వే నాటినుంచి విజయనగరం, శ్రీకాకుళం వైపువాళ్ళు తరాలుగా వెళ్ళి స్థిరపడిన ఊరది. మా ఆవిడ ఆయనకి ఫోను చేసి, "బాబాయ్, ఈయన దగ్గర కుక్క తప్పిపోయింది" అంది. ఇంకొకరైతే అయ్యో పాపం అనేవారు. ఆయన తడుముకోకుండా, "కుడిదా, ఎడమదా?" అన్నారు.

రెండోదాన్ని నమూనాగా పట్టుకెళ్ళి హౌరాలో బెలీలియస్ రోడ్డు మీద చేయించమన్నారు, శనివారం తాను వస్తానన్నారు, అప్పటిదాకా ఇంకేమీ ముట్టుకోవద్దన్నారు. మూడో మాట నాకు సరిగ్గా వినపడలేదు.

రుమాలులో కుక్కని చుట్టి, సెక్టార్ ఫైవ్‌లో మెట్రో ఎక్కబోయాను. సంచీ తనిఖీ చేసే ఆయన ఆ నల్లటి, జిడ్డోడుతున్న, ఆవనూనె కంపు కొడుతున్న ఇనప ముక్కని రెండు వేళ్ళతో ఎత్తి, ఇదేమిటని హిందీలో అడిగాడు. "కుత్తా" అన్నాను. ఆయన ముక్క వంక చూశాడు, నా వంక చూశాడు. నా వెనకాల వరస పెరుగుతోంది. ఆయన ఎక్కడివాడో, చిన్నప్పుడు ఏ సైకిలు తొక్కాడో గానీ, "ఫ్రీవీల్‌దా?" అన్నాడు. అలాంటిదేనన్నాను. "పెద్ద జాతి" అని నవ్వి వదిలేశాడు. శియాల్దాలో దిగి, బస్సెక్కి, హౌరా వంతెన దాటాను.

బెలీలియస్ రోడ్డంటే ఇంటింటా లేతు. హౌరాని తూర్పు దేశపు షెఫీల్డ్ అని ఊరికే అనలేదు. నాకు దొరికిన లేతు ఆయన కుక్కని గీరి, నిప్పురవ్వలు చూసి, అదే రకం ఉక్కు వెతికి, టీ చల్లారేలోగా దానికి కవల పిల్లని పుట్టించాడు. ఎనభై రూపాయలు. పోతపోసిన అక్షరాల సంగతి చెబితే, "ఇంగ్లండా? ఇలాంటి చక్రాలు మా తాత ఈ వీధిలో పోతపోశాడు" అన్నాడు. ఎన్ అక్షరానికి ఇప్పుడు ఇద్దరు తండ్రులు.

శనివారం దాకా ఆగాల్సింది. శుక్రవారం రాత్రే బిగించేశాను. అన్నీ సరిపోయాయి. ఒక్క వాషరు కూడా మిగల్లేదు. నా జీవితంలో ఒక్క వాషరు కూడా మిగలకుండా బిగించడం అదే మొదటిసారి. నాకు అప్పుడే అనుమానం రావలసింది.

పొద్దున్నే సభ ఎదుట తోశాను. మిషను నూనె రాసిన ఊయలలా నిశ్శబ్దంగా ముందుకి జారింది. బ్లేళ్ళు కదల్లేదు. నిస్పృహతో వెనక్కి లాగాను. బ్లేళ్ళు కర్రుమంటూ తిరిగాయి, అదీ తిరగాల్సిన వైపుకి కాదు, ఎదురు వైపుకి. ముందుకి తోస్తే ధ్యానం, వెనక్కి లాగితే తాండవం. వెనక్కి నడుస్తూ కోస్తే సరిపోతుంది కదా అన్నాడు మందుల షాపాయన. బ్లేళ్ళు ఎదురు తిరిగితే గడ్డి తెగదన్నాడు ఇస్త్రీ ఆయన. సభ చీలింది. ఆ చీలికలో ఒక దాదా నన్ను పూర్తిగా మరిచిపోయి ఫుట్‌బాల్ గురించి మాట్లాడ్డం మొదలుపెట్టాడు.

పదకొండింటికి బాబాయిగారు దిగారు. రెండున్నర గంటలు లోకల్ రైల్లో నిలబడి వచ్చిన మనిషి మంచినీళ్ళు కూడా అడక్కుండా తిన్నగా మిషను దగ్గరికెళ్ళారు. స్క్రూడ్రైవరు మొన ఇరుసుకి ఆనించి, పిడి చెవి దగ్గర పెట్టుకుని, డాక్టరు రొమ్ము చూసినట్టు విన్నారు. ఒకసారి ముందుకి తోశారు. ఒకసారి వెనక్కి లాగారు. నా వంక తిరిగారు.

"ఏటి అల్లుడుగారూ! కుడి కుక్కని ఎడం ఇంట్లో కట్టేసినారు, ఎడం కుక్కని కుడి ఇంట్లో."

పినియన్లు రెండూ కవలల్లా ఉంటాయి గానీ, ఒకదాని లోపలి పళ్ళు ఇటు వాలితే రెండోదానివి అటు వాలుతాయట. తప్పిపోయిన కుక్క హడావుడిలో ఎడమ పినియను కూడా విప్పిన నేను రెంటినీ తారుమారు చేశాను. కుక్క తోక పట్టుకుని గోదారి ఈదినట్టయింది నా పని. సిగ్గుపడి పానా అందుకుని విప్పబోయాను.

"ఉండండి, ఇప్పకండి" అన్నారాయన. సంచీలోంచి ఒక చిన్న డబ్బా తీశారు. మోటారు మెకానిక్కులు వాల్వులు అరగదీసే గ్రైండింగ్ పేస్టు. "అరిగిన బ్లేళ్ళకి సాన ఎలా పడతారనుకున్నారు? వీటిని ఎనక్కి తిప్పాల. ఈ కుక్కల్ని మేం ఇలా కావాలనే తారుమారు చేసేవోళ్ళం. మీరు ముందే చేసి పెట్టినారు."

కింది బ్లేడు మరలు చెరో పావు చుట్టు బిగించి, అయిదు బ్లేళ్ళ అంచులకీ పేస్టు పూశారు. గేటు దగ్గర సిమెంటు బాట మీద నేను మిషనుని వెనక్కి లాగుతూ నడవాలి. బాట చివరికి వచ్చాక ముందుకి తోసుకెళ్ళి మళ్ళీ వెనక్కి లాగాలి. వెనక్కి తిరిగే బ్లేడు కింది బ్లేడు మీద రుద్దుకుంటూ, ఆ ఇసుక పేస్టులో తానే సానపడుతుంది. గంటన్నర లాగాను. సభ కూడా ఫుట్‌బాల్ ఆపి లెక్క పెట్టింది. మేషోమొశాయ్ పైనుంచి చూస్తూ, గుర్రాలకి తోలు బూట్లు తొడిగేవారన్న సంగతి మా ఆవిడకి చెబుతున్నారు. నా కాళ్ళకి హవాయి చెప్పులున్నాయి.

పేస్టు కడిగేసి, కుక్కల్ని ఎవరింట్లో వాటిని కట్టి, ఆవనూనె బంక తుడిచి, అసలైన గ్రీజు పెట్టారు. అప్పుడు కాగితం పరీక్ష. నిన్నటి పేపరు ముక్క బ్లేళ్ళ మధ్య పెట్టి చేత్తో తిప్పితే, ఈ చివరినుంచి ఆ చివరిదాకా కత్తెర పెట్టినట్టు తెగాలి. తెగింది. సంపాదకీయం తాను ఇంకా చదవలేదని మేషోమొశాయ్ అన్నారు. ఉల్లాసంలో నేను ఎమరీ కాగితం తీసుకుని చక్రం మీది అక్షరాల తుప్పు గీకబోయాను. బాబాయిగారు చెయ్యి పట్టుకున్నారు. "ఆ ఎన్ను పక్కనేటుందో తేలిందంటే ఆ పైనున్న పెద్దాయనకి మాటాడ్డానికేటీ మిగల్దు. ఉండనీండి."

సాయంత్రానికి కోత అయిపోయింది. తోస్తుంటే బ్లేళ్ళ చప్పుడు దర్జీ కత్తెరలా ఉంది. గడ్డి వెనక్కి లేవలేదు. చెస్ బంటుకి జోడీ కూడా దొరికింది. పోయిన కుక్క దొరకలేదు. ఒక్కటే లోపం. చక్రాలు బ్లేళ్ళకి పక్కగా బయట ఉంటాయి కాబట్టి గోడ దగ్గర జానెడు మేర బ్లేడు అందలేదు. కాంపౌండు గోడ పొడుగునా గడ్డి అలాగే నిలబడిపోయింది. "గుండు చేయించుకుని చెవుల మీద జుట్టు వదిలేసినట్టుంది" అంది మా ఆవిడ. కొడవలి తెస్తానన్నాను. ఎల్లుండి చూద్దాం, రేపు మిషన్లన్నిటికీ సెలవన్నారు మేషోమొశాయ్.

మనకి ఆయుధపూజ దసరాల్లో. బెంగాల్లో పనిముట్లకి పండగ విశ్వకర్మ పూజ. తక్కిన పండగలు చాలావరకు చంద్రుడి వెంట తిరిగితే ఇది సూర్యుడి లెక్కన సెప్టెంబరు 17 ప్రాంతంలో స్థిరంగా కూర్చుంటుంది. రిక్షా స్టాండులో ఏనుగు మీద విశ్వకర్మ, ఆయన ముందు రిక్షాలు, ఇస్త్రీపెట్టె, సైకిల్ మిస్త్రీ పంపు, వాటి మధ్యన బంతిపూల దండ వేసుకుని మా మిషను. ఇంగ్లండుదో హౌరాదో ఎవరూ అడగలేదు. ఆకాశం నిండా గాలిపటాలు. ఒకటి తెగినప్పుడల్లా మేడల మీంచి "భో కాట్టా" అని కేకలు. తెగిన పటాలు మూడు మా పచ్చిక మీదే వాలాయి. గడ్డి ఉన్నప్పుడైతే అవీ దొరికేవి కావు.

ఆ ఏడు పండగలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. ఏనుగునెక్కిన దేవుడు వెళ్ళగానే ఏనుగు తల ఉన్న దేవుడు. చవితి పొద్దున్న తలంటుకుని వచ్చేసరికి మా ఆవిడ పళ్ళెం పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. మారేడు, మాచి, జిల్లేడు లేక్ మార్కెట్ నుంచి తెచ్చాను. అన్నీ ఉన్నాయి.

"గరికేదీ?"

నేను పచ్చిక వంక చూశాను. మొన్నటిదాకా మోకాలెత్తున ఉన్నదంతా గరికే. బెంగాలీవాళ్ళు దూర్బా అనే ఆ గడ్డిని వాళ్ళూ దీవెనలకి వాడతారు. దేవుడికి జతలు జతలుగా పెట్టాల్సినదాన్ని నేను అరంగుళం ఎత్తున సమంగా, కాగితం పరీక్ష నెగ్గిన బ్లేళ్ళతో, బూజులా గొరిగి పారేశాను. మా ఆవిడ మాట్లాడలేదు. మేషోమొశాయ్ దగ్గర నేర్చుకున్నట్టుంది.

పక్క గదిలోంచి బాబాయిగారు కళ్ళజోడు సర్దుకుంటూ వచ్చి, గోడ వైపు వేలు చూపించారు.

బ్లేడు అందని జానెడు మేర, గోడ పొడుగునా, మంచు పట్టి నిగనిగలాడుతూ గరిక. వినాయకుడికి జతలన్నీ పెట్టగా ఒక పోచ మిగిలింది. మా ఆవిడ దాన్ని పట్టుకెళ్ళి, మెట్ల కింద వాడిన బంతిపూల దండతో పడుకుని ఉన్న మిషను పిడి మీద పెట్టి వచ్చింది.

"దానికెందుకు?" అన్నాను.

"పాపం, కుక్కలు పస్తున్నాయేమో" అంది.